మచ్చలేని దూడ

మిర్తో దూడని ఊరు లాక్కుంటోందని మెలిన్న అన్నదట. నూతి దగ్గర, నాణేల అచ్చులు చెక్కే ఫానియాస్ చెల్లెలు తిమోతో అన్నది, కడవ నిండేలోపల. కడవ నిండేలోపల మెలిన్న చెప్పగలిగినంత సంగతి కారిస్టోస్ ఊళ్లో ఇంకొకరు నెల రోజులు కూర్చున్నా చెప్పలేరు. తిమో ఇంటికి వచ్చి కడవ దించకుండానే మొదలుపెట్టింది.

"విన్నావా అన్నయ్యా? కొండవాలు మిర్తో లేదూ, రాతినార వడికే వాళ్లింట్లో దాసీగా ఉండి విడుదలైందే, దాని ఆవు ఈనిందిగా. కొత్త అచ్చు కొట్టే రోజున ఆ దూడని హేరా తల్లికి బలి ఇచ్చేస్తారట. ఒక్క ఓబొలు కూడా చేతిలో పెట్టరట."

"ఎవరన్నారు?"

"మెలిన్న."

"మెలిన్నకి ఎవరు చెప్పారు?"

"దాని మరిది సభలో తలుపు దగ్గర నిలబడతాడుగా. మిర్తో కళ్లనీళ్లు పెట్టుకుందట పాపం. మెలిన్న కళ్లారా చూసిందట. ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు చూసిందేమో, అది నాకు తెలియదు. అయినా దిక్కులేనిది, నోరెత్తితే ఆవు కూడా పోతుంది, ఏమంటుంది?"

మాట్లాడుతూనే తిమో మసిపట్టిన తువ్వాలు ఒకటి తీసి పొయ్యిలో పడేసింది. కొండరాయిలోంచి తీసిన రాతినార తువ్వాలు నీళ్లలో ఉతికితే తెల్లబడదు, నిప్పులో ఉతకాలి. అది ఎర్రగా కాలి, మురికంతా పొగై పోయి, మంటలోనే మెల్లగా తెల్లబడుతుంటే ఫానియాస్ తింటున్న యవల రొట్టె చేతిలోనే మర్చిపోయి చూస్తూ కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నదే. అయినా నిప్పులోంచి మంచులాంటిది బయటికి రావడం అతనికి ఇప్పటికీ కలలాగే ఉంటుంది.

"వింటున్నావా?" అంది తిమో.

"ఊఁ."

"నీ చేత్తో ఆ దూడని చెక్కుతావు, వాళ్ల చేత్తో దాన్ని కోస్తారు. అదీ సంగతి."

ఈ మాట మెలిన్నది కాదు, తిమో సొంతం. ఫానియాస్ గుండెలో దిగబడిపోయింది మాత్రం ఈ మాటే.

*

టంకశాలలో పాత అచ్చు చలికాలంలోనే పగిలింది. దిమ్మెలో బిగించిన అడుగు అచ్చు అది. మీద వెండి బిళ్ల పెట్టి, దానిపైన కోడిపుంజు అచ్చు నిలిపి సమ్మెటతో కొడితే, బిళ్లకి ఒకవైపు పుంజు, ఒకవైపు పాలిచ్చే ఆవు. తాతల నాటి నుంచి ఊరి గుర్తు అదే. అచ్చు పగిలాక ఆవు పొట్ట మీద అడ్డంగా ఒక గీత పడడం మొదలైంది. ఆంద్రోస్ దీవి వర్తకులు నాణెం తిప్పి చూసి, "మీ ఊళ్లో ఆవుల కడుపు కోసి దూడల్ని తీస్తారా?" అని నవ్వేవారు. ఊరికి నామర్దా అయింది. కొత్త అచ్చు చెక్కమన్నారు. పాతదాన్ని చూసి దించడం కాదు, ప్రాణం ఉన్న ఆవుని చూసి చెక్కమన్నారు.

అందుకే మిర్తో తన ఆవుని తోలుకొచ్చి టంకశాల పెరట్లో కట్టింది. ఎర్రటి ఆవు, పేరు క్సాంథె. దూడకి నెల కూడా నిండలేదు. కోడెదూడ. తేనె రంగు ఒళ్లు, ముట్టె మాత్రం నల్లన. నల్లరేగిపండు నానబెట్టినట్టు తడితడిగా ఉండేది.

"దీని పేరేంటి?" అని అడిగాడు ఫానియాస్ మొదటిరోజు.

"దూడ," అంది మిర్తో.

"పేరు పెట్టలేదా?"

"ఎందుకయ్యా పేరు?"

పోయేదానికి పేరెందుకు పెట్టుకుంటుంది, పాపం, అనుకున్నాడు ఫానియాస్.

ఫానియాస్‌కి చత్వారం వచ్చి ఆరేళ్లయింది. దగ్గరివన్నీ మసక, దూరంవన్నీ తేట. చెక్కేవాడికి ఇది చావు కబురు లాంటిదే, కానీ అతను ఎవరికీ చెప్పలేదు. పెరటి చివర నిలబడ్డ ఆవు మెడ కింద ముడతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలడు. చేతిలో ఉన్న కంచు అచ్చు మాత్రం నీళ్లడుగున రాయిలాగా కదులుతూ ఉంటుంది. అందుకని కళ్లతో ఆవుని చూస్తూ వేళ్లతో అచ్చుని చూసేవాడు. ఎడమ బొటనవేలి కొస గుంటలో పెట్టి తడుముతూ, కుడిచేత్తో సన్న ఉలి నడిపేవాడు.

అచ్చు చెక్కేవాడి లోకమే వేరు. అక్కడ ఉబ్బంతా గుంట. ఆవు పొట్ట ఎంత నిండుగా రావాలో అంత లోతు తవ్వాలి. కుడివైపు నిలబడాల్సిన ఆవు అచ్చులో ఎడమవైపు నిలబడుతుంది. అన్నిటికంటే పైకి కనబడాల్సింది అన్నిటికంటే లోతున ఉంటుంది. నలభై ఏళ్లు ఆ లోకంలో బతికినవాడికి బయటి లోకం కూడా ఒక్కోసారి తిరగబడి కనిపిస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్తుంటే ఓఖీ కొండ అతనికి ఆకాశంలో ఎవరో తవ్విన పెద్ద గొయ్యిలాగా ఉండేది. అందులో వెండి పోస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ నడిచేవాడు. ఎదురొచ్చినవాళ్లు పలకరిస్తే ఊఁ అనేవాడు. ఊరంతా అతన్ని మంచివాడు అనేది. మంచివాడో, వినిపించుకోనివాడో ఎవరూ తేల్చి చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నానికి ఆవు ఆకారం వచ్చింది. మైనం ముద్ద అచ్చులో అదిమి, పైకి తీసి, చేయి బారెడు దూరం చాచి చూసుకున్నాడు. తల వెనక్కి తిప్పిన ఆవు, కింద పాలు తాగుతున్న దూడ. బాగానే ఉందనిపించింది. సమ్మెట వేసే బ్రిసోన్ వచ్చి, "అబ్బ, మామా! పాలు పితికేసుకోవచ్చు," అన్నాడు.

మిర్తో కూడా వచ్చి చూసింది. గడ్డిమోపు నెత్తిన పెట్టుకునే చూసింది.

"ఈ ఆవు దూడని చూట్టం లేదయ్యా," అంది.

"ఏం చూస్తోంది మరి?"

"వీపు మీద ఈగ వాలింది. దాన్ని చూస్తోంది."

బ్రిసోన్ పగలబడి నవ్వాడు. "పిన్నీ, ఈయన ఎవరనుకున్నావు? ఎరెత్రియా నుంచి వచ్చి మరీ అచ్చులు చెక్కించుకుపోతారు."

"ఎరెత్రియాలో ఆవులు అట్లా చూస్తాయేమో," అంది మిర్తో. మోపు దించి, కట్టు విప్పి, దూడని వదిలింది. "నాలుక చూడయ్యా. తల కాదు, నాలుక చూడు."

దూడ పోయి పొదుగు కింద దూరింది. రెండుసార్లు కుమ్మింది. క్సాంథె మెడ వంచి, తల వెనక్కి తిప్పి, దూడ తోక మొదలు దగ్గర నాకింది. నాకిన ప్రతిసారీ దూడ తోక కొట్టుకుంది. అప్పుడుగానీ చేపు రాలేదు. పాలు దిగుతుంటే ఆవు కళ్లు సగం మూతపడ్డాయి. నాలుగు చన్నుల్లోంచీ పాలు బొట్లుబొట్లుగా వాటంతటవే కారాయి.

"నాకితేనే చేపుతుంది," అంది మిర్తో. "ఊరికే తల తిప్పితే ఏమొస్తుంది? మెడనొప్పి."

ఫానియాస్‌కి మొదట ఒళ్లు మండింది. తర్వాత మెల్లగా చల్లబడింది. ఇన్నేళ్లూ తాతల నాటి అచ్చు చూసి చెక్కాడు. తాతలు ఎవరి అచ్చు చూసి చెక్కారో. ఆవుకి నాలుక ఉందని ఎవరికీ తోచలేదు. ఆ పూటంతా పెరట్లో రాయి మీద కూర్చుని, ఉలి ముట్టుకోకుండా, ఆ నాలుకనే చూశాడు. ఉప్పుగాలి, కొలిమి పొగ, పాలవాసన. దూడ తాగుతూ తాగుతూ ఊపిరి పీల్చడానికి ముట్టె తీస్తే, దాని మూతి చుట్టూ నురగ. చూస్తూ చూస్తూ అతనికి తానే ఆ పొదుగు కింద ఉన్నట్టూ, వెచ్చటి గరుకు నాలుక ఏదో తన వీపు మీద నడుస్తున్నట్టూ అనిపించింది. అరవై ఏళ్ల మనిషి. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు.

*

మూడో రోజు లైకోన్ వచ్చాడు. ఆ ఏడాది టంకశాల పెత్తనం అతనిది. కొండ కింద పొలాలూ, ముప్ఫై ఆవులూ ఉన్నవాడు. అచ్చు కేసి తిరిగి చూడలేదు, నేరుగా దూడ దగ్గరికి వెళ్లాడు.

"రేపు కాక ఎల్లుండే అమ్మవారికి. ఏదీ, చూడనీ."

మిర్తో దూడ మెడ పట్టుకుంది. లైకోన్ దాని గిట్టలు ఎత్తి చూశాడు. పెదవి పైకి లాగి చూశాడు. తోక ఎత్తి చూశాడు. చెవులు రెండూ వేళ్ల మధ్య పెట్టి కొసదాకా జార్చాడు.

"మచ్చ లేదు. గాటు లేదు. ఎల్లుండి దాకా ఇట్లాగే ఉండాలి. గీత పడిందా, పూజారమ్మ చేయి కూడా వేయదు."

"పడనివ్వను బాబూ," అంది మిర్తో.

"ఏమయ్యా ఫానియాస్, రేపు సాయంత్రానికి అచ్చు అయిపోతుందా?"

"నాలుక మిగిలింది."

"నాలుకా? ఆవు మాట్లాడాలా ఏమిటి?" అని తన మాటకి తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు లైకోన్.

అతను వెళ్లాక మిర్తో తన పైబట్ట చింపి దూడ మోకాళ్లకి మెత్తగా చుట్టింది. పెరటి గోడ పొడుగునా ఉన్న ముళ్లకంపని కర్రతో దూరంగా నెట్టింది. నేల మీద పదునైన రాళ్లు ఏరి అవతల పారేసింది. ఫానియాస్ నాలుక చెక్కుతూ ఓరకంట చూస్తున్నాడు. తల్లి కూడా ఇంత చేయదు, అనుకున్నాడు.

"బాధగా లేదా మిర్తో?" అన్నాడు ఉండబట్టలేక.

మిర్తో చతికిలబడి మోకాలు రుద్దుకుంటోంది. ఊళ్లో పుట్టినవాళ్ల ఆవులు ఊరి బీడులో మేస్తాయి. విడుదలైన దాసీ ఆవుకి అక్కడ చోటు లేదు. సముద్రం మీదికి వంగిన బండల సందుల్లో కొడవలి పట్టుకుని దిగి, కోసిన గడ్డి నెత్తిన పెట్టుకుని ఎక్కిరావాలి. రోజుకి రెండు మోపులు. ఆమె మోకాళ్లు చూస్తే చెట్టు కణుపుల్లా ఉంటాయి.

"బాధేముందయ్యా, కోడెదూడ. పాలిస్తుందా, ఈనుతుందా? ఇది మచ్చ లేకుండా అమ్మవారికి చేరితే, అమ్మవారి బీడులో క్సాంథె చచ్చేదాకా మేయొచ్చు. తొలి అచ్చు కొట్టే రోజు దూడనిచ్చిన వాళ్లకి ఆ హక్కు ఉందట. ఊరివాళ్లా, బయటివాళ్లా అని చూడరట. పూజారమ్మ నాకు మాటిచ్చింది. ఇంక నేను ఆ బండలు దిగక్కర్లేదు."

ఫానియాస్ విన్నాడు. ఈసారి నిజంగానే విన్నాడు. విని, నమ్మలేదు. గుడివాళ్లు దాసీదానికి ఇచ్చిన మాటకి విలువేముంది? గాలి. దిక్కులేనివాళ్లు ఏడవలేక ఇట్లాంటివి చెప్పుకుని గుండె చిక్కబట్టుకుంటారు. కళ్లనీళ్లు పెట్టుకుందని మెలిన్న చూసి మరీ చెప్పింది కదా. పైగా ఆ మోకాళ్లకి చుట్టిన బట్ట? గడ్డి కోసమే అయితే అంత మెత్తగా ఎవరు చుడతారు?

"ఊఁ," అన్నాడు.

ఆ పూట నాలుక దిగింది. అంటే, చెక్కలేదు అతను. నాలుకే అచ్చులోకి దిగింది. ఉలి కొసన కంచు మైనంలా కదిలింది. దూడ తోక మొదట, గోరంత గుంటలో, గోరులో సగమంత నాలుక. మైనం అదిమి తీసి, చేయి చాచి వెలుగుకి పట్టుకుంటే, చేతిలో ఆవు నాకుతోంది. నిజంగా నాకుతోంది. అవతల పెరట్లోనూ నాకుతోంది. ఏది ఏదో అతనికి కాసేపు తెలియలేదు.

ఎల్లుండి ఇందులో ఒకటి ఉండదు, అనుకున్నాడు. అక్కణ్నుంచి ఆలోచన ఇంక ఆగలేదు.

*

నాలుగో రోజు మధ్యాహ్నం మిర్తో కొడవలి తీసుకుంది.

"ఈ ఒక్క మోపు తెచ్చేస్తానయ్యా. ఇదే ఆఖరిది. దూడని కంప వైపు పోనివ్వకు. నీ మీదే వదిలిపెడుతున్నా."

"నేనున్నాగా," అన్నాడు ఫానియాస్.

ఆమె వంగి వంగి నడుస్తూ బండల వైపు వెళ్లింది. బ్రిసోన్ కొలిమి పక్కన బోర్లా పడుకుని గుర్రుపెడుతున్నాడు. ఎండ తెల్లగా కాస్తోంది. ఉత్తరపు గాలి పడిపోయి సముద్రం కరిగిన సీసంలాగా కదలకుండా ఉంది. ఫానియాస్ సన్న ఉలి తీసి, తువ్వాలుతో తుడిచి, పెరట్లోకి నడిచాడు.

దూడ అతన్ని చూసి ముందుకొచ్చింది. నాలుగు రోజుల అలవాటు. అతని చేతి ఉప్పు నాకింది. ఎడమచేత్తో దాని చెవి పట్టుకున్నాడు. లోపల వెచ్చగా, పల్చగా, ఎండకి ఎర్రగా, సన్న నరాలు ఆకు ఈనెల్లా వేళ్లకి తగులుతున్నాయి. ఎంత బాగుంది, అనుకున్నాడు. దీన్నీ అచ్చులో సరిగ్గా పట్టలేదే, అనుకున్నాడు. అనుకుంటూనే చెవి అంచున ఉలి పెట్టి నొక్కాడు. ఒకటే గాటు, యవగింజంత.

దూడ ఒక్కసారి అరిచి గెంతింది. క్సాంథె తాడు తెంపుకోబోయింది. అంతే. నెత్తురు కూడా ఎక్కువ రాలేదు. కాసేపటికి దూడ మళ్లీ వచ్చి అతని మోకాలికి తల రుద్దుకుంది. ఫానియాస్ రాయి మీద కూర్చున్నాడు. మనసు గాలికి తెరచాప నిండినట్టు తేలిపోతోంది. అమ్మవారి సొత్తుని గాయపరిచినవాడికి ఊళ్లో ఏ శిక్ష పడుతుందో అతనికి తెలుసు. తెలిసే చేశాడు. జన్మలో మొదటిసారి చెక్కడం కాకుండా ఇంకేదో చేశాడు.

మిర్తో మోపుతో వచ్చింది. మోపు దించకముందే చూసింది. దగ్గరికొచ్చి చెవి చేతిలోకి తీసుకుంది. బొటనవేలు గాటు వెంట నడిపింది, ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత తలెత్తి ముళ్లకంప ఎంత దూరంలో ఉందో చూసింది. ఫానియాస్ చేతుల కేసి చూసింది.

ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాడు ఫానియాస్. ఆమె ఉన్నచోటే కూలబడింది. మోపు పక్కకి దొర్లి కట్టు ఊడి గడ్డి చెదిరిపోయింది. దూడ వచ్చి ఆ గడ్డిని వాసన చూసింది.

నమ్మలేకపోతోంది, అనుకున్నాడు ఫానియాస్. ఇంత సంతోషం ఒక్కసారిగా వస్తే ఎవరికైనా నోట మాట రాదు. ఆమెని కదిలించకుండా లోపలికి వెళ్లిపోయాడు.

*

ఐదో రోజు తెల్లవారుతూనే టంకశాలకి వచ్చాడు. పెరట్లో మిర్తో దూడని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏం చేస్తోందో దూరం నుంచే తేటగా కనిపించింది. చెవి గాటులో మైనం నింపుతోంది. వేలితో ఎర్రమన్ను అద్దుతోంది. మళ్లీ మైనం, మళ్లీ మన్ను. నాలుకతో తడి చేసి వెంట్రుకలు ఒక్కొక్కటే దాని మీదికి దువ్వుతోంది. అంత ఓపికగా, అంత సన్నగా చేసే పని ఫానియాస్ తన బల్ల మీద తప్ప ఎక్కడా చూడలేదు.

ఆ మైనం తన బల్ల మీదిదే.

ఫానియాస్ కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి. తేలిపోతున్న మనసు అడుగున ఏదో రాయి తగిలినట్టయింది. దూడని దక్కించుకోవాలనుకునే మనిషి గాటుని ఎందుకు దాస్తుంది?

ఎండ ఎక్కేసరికి అమ్మవారి గుడి ముందు జనం చేరారు. పిల్లనగ్రోవి పాట, యవల గింజలు, పూలదండ వేసిన దూడ. మిర్తో ఉతికిన బట్ట కట్టుకుంది. దూడ గాటు చెవి తన నడుము వైపు ఉండేట్టు ఒరుసుకుని నిలబడింది. పూజారమ్మ ముసలిది, చూపు ఆనదు. చేత్తోనే చూస్తుంది. నుదురు, వీపు, తోక. ఒక చెవి. మిర్తో ఊపిరి బిగబట్టింది. రెండో చెవి.

పూజారమ్మ వేళ్లు ఆగాయి. గోటితో గీకింది. మైనం ముక్క ఊడి దూడ మెడ మీద పడింది.

"ఇదేమిటమ్మా?"

"ముల్లు గీసింది తల్లీ," అంది మిర్తో. ఆమె గొంతు వణకలేదు. "నిన్న. నెత్తురు ఆగుతుందని పెట్టాను."

ఫానియాస్ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ముల్లు కాదు, నేను, అనాలని నోరు తెరిచాడు. మిర్తో అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడం లేదు. నోరు మూసుకో, ఇప్పుడు నువ్వు చెప్పినా గాటు పూడదు, అన్నట్టుంది. ఫానియాస్ నోరు మూతపడింది.

"మచ్చపడ్డది పనికిరాదు," అంది పూజారమ్మ. "మాటిచ్చాను గానీ, ఏం చేసేది? నా మాట కాదు కదా, అమ్మవారి మాట. ఈ పూట ఇంకెవరైనా ఇస్తారా?"

"మా కొట్టంలో ఉంది," అన్నాడు లైకోన్ వెంటనే. "తెప్పిస్తాను."

పొద్దు నెత్తిమీదికి వచ్చేలోపు తెచ్చారు. బలిసిన నల్లదూడ. పూజారమ్మ చేతులు ఎక్కడా ఆగలేదు. తల మీద నీళ్లు చల్లితే దూడ తల ఊపింది. "ఒప్పుకుంది, ఒప్పుకుంది," అన్నారు జనం. ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. ఆడవాళ్లు గొంతెత్తి అరిచారు. పూజారమ్మ లైకోన్ చేయి పట్టుకుని, బీడు హక్కు నీదని అందరూ వినేట్టు చెప్పింది. ముప్ఫై ఆవులున్నవాడు తల వంచి పుచ్చుకున్నాడు.

కబురు కంటే నిజం చిన్నది. ఎవరూ దేన్నీ లాక్కోలేదు. పూజారమ్మ అబద్ధం చెప్పలేదు. ఫానియాస్ గుడి అరుగు మీద కూర్చుండిపోయాడు. కాల్చిన మాంసంలో అతని వాటా ఆకులో పెట్టి ఇచ్చారు. చేతిలోనే చల్లారిపోయింది.

*

సాయంత్రం తొలి అచ్చు కొట్టారు. బ్రిసోన్ పటకారుతో ఎర్రగా కాలిన వెండి బిళ్ల దిమ్మె మీద పెట్టాడు. పుంజు అచ్చు నిలిపాడు. సమ్మెట ఒక్కటే దెబ్బ. బిళ్ల తీసి నీళ్లలో వేస్తే సుయ్యిమంది. లైకోన్ పూలదండతోనే వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమయ్యా, నాకుతోంది!" అన్నాడు.

అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. నిజంగానే, అంత బాగా ఆ ఊళ్లో ముందెప్పుడూ రాలేదు. పొట్ట మీద గీత లేదు. ఆవు కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పొదుగు నిండి, తోక మొదట నాలుక ఆని, లోకంతో పని లేనట్టు ఉంది. లైకోన్ ఆ మొదటి నాణేన్ని అమ్మవారికని బట్టలో చుట్టుకుని వెళ్లిపోయాడు. జనం వెళ్లిపోయారు. బ్రిసోన్ కొలిమి ఆర్పుతున్నాడు.

పెరట్లో మిర్తో క్సాంథె తాడు విప్పుతోంది. దూడ మెడలో పూలదండ ఇంకా అలాగే ఉంది. వాడిపోయింది. క్సాంథె మెడ సాచి ఆ పూలు తింటోంది.

ఫానియాస్ మొదట కొట్టి చూసుకున్న సీసపు బిళ్ల ఒకటి బల్ల మీదుంది. అది తీసుకుని బయటికి వచ్చాడు. బిళ్ల ఉన్న అరచేయి చాచాడు.

"మిర్తో, ఇది... మన క్సాంథె. చూడు. నువ్వు చెప్పినట్టే చెక్కాను. నాలుక."

మిర్తో చూసింది. తీసుకోలేదు.

"బాగుంది," అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పనిచేసే మనిషి ఇంకో మనిషి పనిని చూసి అనే మాటే అది. దాంతో ఫానియాస్‌కి కొంచెం ధైర్యం వచ్చింది.

"నేను... నీకు బాధగా ఉందేమోనని..."

"చెప్పానుగదయ్యా నీకు. ఆ రాయి మీద కూర్చుని విన్నావుగా."

"విన్నాను."

"మరి?"

ఫానియాస్ చేయి ఇంకా అలాగే చాచి ఉంది. వెలుగు ఏటవాలుగా పడి సీసం మీద ఆవు ఒకసారి గుంటలాగా, ఒకసారి గుట్టలాగా కనిపించింది. ఇంత దగ్గర్లో అంతా మసకే. మిర్తో ముఖం కూడా మసకే.

బ్రిసోన్ గుమ్మంలోకి వచ్చి చేతులు తుడుచుకుంటున్నాడు. సంగతేమిటో వాడికి తెలియదు. ఏదో బరువుగా ఉందని మాత్రం తెలిసింది. తేలిక చేద్దామనుకున్నాడు.

"పోనీలే పిన్నీ, బీడు పోతే పోయింది. ముల్లు పుణ్యమా అని దూడ ప్రాణం దక్కింది. అది చాలదూ?"

మిర్తో తాడు మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. దూడని ముందుకి నెట్టింది. పెరటి వాకిలి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. బ్రిసోన్‌ని చూడలేదు, ఫానియాస్‌నే చూసింది.

"చలిగాలి మొదలైతే రెండిటికీ గడ్డి తేలేను. అప్పుడు దీన్ని నేనే కోసుకోవాలి, పూలు లేకుండా, పాట లేకుండా. ఆ రోజు కబురు పంపుతా, ఉలి తీసుకుని రా. చెవి నువ్వే కోశావు, గొంతు కూడా నువ్వే కోద్దువుగాని."